సీసా పాల పాపకు తొలి ముద్ద

పాపను మా చేతికిచ్చిన రోజున దానితో పాటు ఒక కాగితం కూడా ఇచ్చారు. గీతల నోటుబుక్కులోంచి చింపిన కాగితం. ఏ పాలపొడి పట్టాలో, ఎన్ని నీళ్ళకు ఎన్ని చెంచాలు కలపాలో, ఏయే వేళల్లో పట్టాలో నీలం పెన్నుతో రాసి ఉంది. అన్నిటికీ అడుగున, "పడుకోబెట్టి ఇస్తే తాగుతుంది. ఎత్తుకుంటే తాగదు" అని రాసి, దాని కింద గీత గీశారు. ఆ రాసిన ఆయా ఎవరో మాకు తెలియదు. మేము వెళ్ళేసరికి ఆమె డ్యూటీ అయిపోయి ఇంటికి వెళ్ళిపోయిందట.

అప్పటికి పాపకు ఐదు నెలలు నిండి వారమైంది. పిల్లల సంరక్షణ కేంద్రం నుంచి మదీనాగూడలోని మా ఫ్లాట్ దాకా కారులో నిద్రపోతూనే వచ్చింది. మావారు వెనక సీట్లో పాపను పట్టుకుని కూర్చున్నారు. నేను నడిపాను. నడపడం నాకు తేలిక. ఎదుటి బండి మీద కళ్ళు పెట్టుకుంటే చాలు.

మాకు పిల్లలు లేరని రాస్తే సరిపోదు. మూడుసార్లు కడుపు నిలిచింది, మూడుసార్లూ పోయింది. మూడోసారి ఐదో నెల. ఆ తర్వాత నాలో ఏదో ఆగిపోయింది. ఏడుపు ఆగింది అనుకున్నారు అందరూ, ధైర్యం తెచ్చుకుందన్నారు. ఏడుపొక్కటే కాదు, మిగతావి కూడా ఆగాయని నాకు తెలుసు కానీ ఎవరికీ చెప్పలేదు. ఆఫీసు పని మాత్రం బాగా చేసేదాన్ని. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టింగ్ టీముకు లీడ్‌ని. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం నా ఉద్యోగం. తప్పు దొరికితే సంతోషించక్కర్లేదు, దొరక్కపోతే బాధపడక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

దత్తతకు దరఖాస్తు పెట్టింది మావారు. నేను సంతకం చేశాను. ఏళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది, పాప ఉందని. ఆ సమయంలో నేను మీటింగులో ఉన్నాను. మైకు ఆపి, ఫోనులో ఆవిడ చెప్పిందంతా విని, "సరేనండి, మావారితో మాట్లాడి చెప్తాను" అని పెట్టేసి, మైకు ఆన్ చేసి, ఎక్కడ ఆపానో అక్కడి నుంచి మాట్లాడాను. సాయంత్రం బాచుపల్లి కాలేజీ నుంచి వచ్చిన మావారికి చెబితే, చెప్పుల స్టాండు పక్కనే కూలబడి ఏడ్చారు. ఆయన ఫిజిక్సు లెక్చరరు. ఏడుస్తూనే "ఎన్ని కిలోలుందట?" అని అడిగారు. నేను అడగలేదు. అడగాలని తోచలేదు.

పాప మాత్రం కాగితంలో రాసినట్టే ఉంది. ఎత్తుకుని సీసా పెడితే ఒళ్ళు కర్రలా బిగించేది. పక్క మీద పడుకోబెట్టి సీసా నోటికి అందిస్తే చప్పున పట్టుకుని, కళ్ళు పైకప్పు మీద పెట్టి, ఆగకుండా తాగేది. ముఖం వైపు చూసేది కాదు. అక్కడ ఇరవైమంది పసివాళ్ళకు ఇద్దరో ముగ్గురో ఆయాలు. మడతపెట్టిన గుడ్డ చెంప పక్కన పెట్టి, దాని మీద సీసా ఆనించి వెళ్ళేవాళ్ళు కాబోలు. ఎవరినీ తప్పు పట్టడానికి రాయడం లేదు. పాప బొద్దుగానే ఉంది, శుభ్రంగానే ఉంది.

పిల్లల డాక్టరు కొండాపూర్‌లో ఉన్న ఒకావిడ. సీసా ఆనించి వదలొద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, మీరే పట్టుకోండి అన్నారు. పట్టుకున్నాను. మంచం పక్కన నేల మీద కూర్చుని, చెయ్యి మాత్రం చాచి సీసా పట్టుకునేదాన్ని. పాప పైకప్పును చూసేది. నేను కిటికీలోంచి ముంబై హైవే మీద బండ్లను చూసేదాన్ని. ఒకరినొకరం ఇబ్బంది పెట్టుకోవడం లేదు అనిపించేది. నిజం చెప్పాలంటే, పాప నన్ను చూడకపోవడం నాకు హాయిగా ఉండేది.

పాలు కలపడంలో మాత్రం నాకు సాటి లేదు. మరిగించి చల్లార్చిన నీళ్ళు, చాకు వీపుతో చదును చేసిన చెంచా, ఉడకబెట్టిన సీసాలు వరసగా బోర్లించిన పళ్ళెం. మావారు చూసి "నువ్వు ఎంత శ్రద్ధగా చేస్తావో" అనేవారు. శ్రద్ధ వేరు, ఇది వేరు అని చెప్పాలనిపించి ఊరుకునేదాన్ని.

పాప వచ్చిన వారానికి ఒకావిడ పనికి కుదిరింది. నారాయణపేట వైపు మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆమె భర్త మా పక్క అపార్ట్‌మెంటులో సెక్యూరిటీ గార్డు. పొద్దున తొమ్మిదికి వచ్చి నాలుగింటి దాకా ఉండేది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను మేడం అనేది, కానీ నువ్వు అనే పిలిచేది. మా గుంటూరు వైపు అలా పిలిస్తే నొచ్చుకుంటారు. నాకు ఆ నువ్వు బాగానే ఉండేది.

ఆరు నెలలు నిండాక డాక్టరు ఘనాహారం మొదలుపెట్టమన్నారు. మెడ నిలిచింది, ఆనిస్తే కూర్చుంటోంది, ఇక ఆలస్యం చేయొద్దన్నారు. ఉప్పు వద్దు, పంచదార వద్దు, తేనె అసలే వద్దు. కొత్తది ఏది పెట్టినా మూడు రోజులు అదొక్కటే పెట్టి చూడండి. పాలు వెంటనే తగ్గించొద్దు, తిండి పెరిగేకొద్దీ అవే తగ్గుతాయి. రోజుకు ఒకటి రెండు చెంచాలతో మొదలుపెట్టండి. అన్నీ ఫోనులో రాసుకున్నాను.

"అన్నప్రాసన జేయరా మీరు?" అని అడిగింది అక్క.

"మేము చర్చివాళ్ళం కదక్కా, అది ఉండదు. ప్రార్థన చేస్తాం."

"ఏదైతేంది, దేవునికి చెప్పి పెడుతరు గద" అని, ఆమే పెసరపప్పు, బియ్యం దోరగా వేయించి, మిక్సీ పట్టి, జల్లించి ఉగ్గుపిండి చేసింది. వేయించిన బియ్యం వాసనకు మావారు రెండుసార్లు వంటింట్లోకి వచ్చారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పాపకు కొత్త గౌను వేశాం. ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, మావారు తల వంచి చిన్న ప్రార్థన చేశారు. నేను కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన మానేసి చాలా కాలమైందని ఆయనకు తెలుసు. ఆమేన్ మాత్రం అన్నాను.

చెంచా కొసన కాస్త ఉగ్గు. పాప నోరు తెరవలేదు. పెదవికి తగిలిస్తే నాలుకతో బయటికి తోసేసింది. రెండోసారి కూడా తోసేసింది. మూడోసారి చెంచా దగ్గరికి రాగానే తల పక్కకు తిప్పి పైకప్పు చూసింది. మావారు నవ్వి, "మొదటిరోజు కదా" అన్నారు.

మొదటిరోజు మూడు వారాలు సాగింది.

ఉగ్గు తర్వాత రాగిజావ. అక్క దాన్ని తైదజావ అనేది. "తైదలు తాగిన పిల్లలు ఇనుమోలె ఉంటరు మేడం" అని పాలపొడితో కలిపిన పాలతోనే పల్చగా కాచేది. తర్వాత ఉడికించి మెదిపిన క్యారెట్టు, ఆపిల్, చిలగడదుంప. అన్నిటికీ ఒకటే జవాబు. ఏడవదు, అరవదు. పెదాలు బిగించి తల తిప్పుతుంది. చెంచా తీసేస్తే మళ్ళీ మామూలుగా ఉంటుంది. సీసా చూపిస్తే కాళ్ళు చేతులు ఆడిస్తుంది.

అప్పటికి నా సెలవు అయిపోయింది. ఇంటి నుంచి పని చేయడానికి ఒప్పుకున్నారు కాబట్టి మధ్య గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదాన్ని. పొద్దున పదకొండింటికి, సాయంత్రం నాలుగింటికి పాపకు తిండి సమయం. ఆ రెండు సమయాలూ దగ్గరపడుతుంటే పని మీద చూపు నిలిచేది కాదు. తినడం లేదన్న దిగులు కాదు అది. సీసా పట్టుకున్నప్పుడు ఎటో చూడొచ్చు. చెంచాతో పెట్టాలంటే ఎదురుగా కూర్చుని ముఖం చూడాలి. నోరు ఎప్పుడు తెరుస్తుందా అని కళ్ళలోకి చూడాలి. ఎదుటి రెండు కళ్ళలో నేను కనపడేదాన్ని. నా ముఖంలో ఏమీ లేదని పాపకు తెలిసిపోతోందేమో అనిపించేది.

ఇది ఇప్పుడు రాస్తున్నంత స్పష్టంగా అప్పుడు అనుకోలేదు. అప్పుడు అనుకున్నదల్లా, ఏదోలా ఇది లోపలికి పోవాలి, పని అయిపోవాలి అని.

ఒక బుధవారం. బాల్కనీలో బట్టలు ఆరేసేందుకు తాడు దొరకడం లేదని, వాచ్‌మన్‌ను అడగడానికి అక్క కిందికి దిగింది. నేను ఒక సూదిని స్టవ్ మీద ఎర్రగా కాల్చి, సీసా పీక రంధ్రంలో గుచ్చి తిప్పాను. రబ్బరు కాలిన వాసన వచ్చింది. రంధ్రం పెద్దదైంది. రాగిజావను పాలలో కలిపి సీసాలో పోశాను. పీకను కడిగి బిగించి, బోర్లించి చూశాను. జావ చుక్కలు చుక్కలుగా కాకుండా ధారగా పడింది. సరిపోతుంది అనుకున్నాను. రోజూ పరీక్షించేదాన్నే, ఏం జరగొచ్చో అన్నీ ఊహించి రాసేదాన్నే, ఆ ధార చూసి సరిపోతుంది అనుకున్నాను.

పాపను పడుకోబెట్టి సీసా ఇచ్చాను. ఎప్పటిలాగే ఆత్రంగా అందుకుని గట్టిగా లాగింది. రెండు గుటకలు. మూడోదానికి పొలమారింది. దగ్గు రాబోయి ఆగింది. ముఖం ఎర్రబడింది, కళ్ళు పెద్దవయ్యాయి. శబ్దం లేదు. ఆ కళ్ళు మొదటిసారి పైకప్పును వదిలి నన్నే చూశాయి.

నా చేతులు ముందుకు రాలేదు. ఎంతసేపో చెప్పలేను. ఒక క్షణమే అయ్యుండొచ్చు. నేల మీద టైలుపై పడిన జావ చుక్క చూశాను. అది తుడవాలి అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

తలుపు తెరుచుకున్న చప్పుడు వినపడలేదు. అక్క నన్ను పక్కకు నెట్టింది. పాపను ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి వచ్చేలా పట్టుకుని, వీపు మీద అరచేత్తో కొట్టింది. ఒకటి, రెండు, మూడు. జావ గడ్డ ఒకటి బయటపడింది. తర్వాత కక్కింది. తర్వాత ఏడ్చింది. మా ఇంటికి వచ్చాక పాప అంత గట్టిగా ఏడవడం అదే మొదలు.

అక్క పాపను భుజాన వేసుకుని గదంతా తిరిగింది. కాసేపటికి సీసా తీసి చూసింది. పీకను వేలితో సాగదీసి చూసింది.

"గిదేంది మేడం?"

నేను వంగి నేల మీది జావ చుక్క తుడిచాను.

"నేను జేయలే గద గిట్ల. నువ్వే జేసినవా?"

"అవునక్కా."

ఆమె నన్ను తిట్టలేదు. పాపను ఊపుతూనే, "సార్‌కు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అని మాత్రం అడిగింది.

నేనే చెప్పాను. ఆయన ఇంట్లోకి వచ్చి బ్యాగు దించుతుండగానే, జరిగింది జరిగినట్టు, ఆఫీసులో తప్పు వివరించినట్టు చెప్పాను. ముందు పాప దగ్గరికి వెళ్ళారు. నిద్రపోతున్న పాప ఛాతీ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. తిరిగివచ్చి, "ఎందుకు చేశావ్?" అని అడిగారు. గొంతు పెంచలేదు.

"ఎదురుగా కూర్చోలేక."

"పాప తినడం లేదనా?"

"కాదండీ. కూర్చోలేక. నాకు ఏమీ అనిపించడం లేదు. పాప వచ్చినప్పటి నుంచి కాదు, అంతకుముందు నుంచే. మీతో చెప్పలేదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నాకు తెలుసు" అన్నారు. "పాప వస్తే తగ్గిపోతుందనుకున్నా."

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన ముఖం అలసిపోయి ఉంది. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి మమ్మల్ని కొండాపూర్ తీసుకెళ్ళారు.

డాక్టరుగారు పాప ఛాతీ రెండువైపులా విన్నారు, గొంతు చూశారు, తూకం వేశారు. ఊపిరి శుభ్రంగానే ఉంది, బరువు కూడా సరిగ్గా ఉంది, జ్వరం గానీ ఆయాసం గానీ వస్తే వెంటనే తీసుకురండి అన్నారు. సీసాలో పాలు తప్ప ఇంకేమీ పోయకూడదు అని మావారి వైపు కాకుండా నా వైపే చూసి చెప్పారు. "బాటిల్లో చిక్కగా పోస్తే కడుపు నిండుతుంది కానీ నమలడం, మింగడం రాదండి. ముద్దను నాలుక మీద వెనక్కి తీసుకెళ్ళడం ఒక పని. అది నేర్చుకోవాలి. తొందరేం లేదు, పాలతో బలం అందుతోంది. రోజూ చూపించండి, తినకపోతే తీసేయండి. బలవంతం మాత్రం చేయకండి."

తర్వాత కలం మూత పెట్టి, "మీరు ఎలా ఉన్నారు?" అన్నారు.

"బాగానే ఉన్నానండి."

"నిద్ర పడుతోందా? తింటున్నారా?"

బాగానే అని మళ్ళీ అనబోయాను. మావారు, "తినదండీ" అన్నారు. ఆవిడ ఒక కౌన్సెలర్ ఫోన్ నంబరు చీటీ మీద రాసిచ్చారు. మడిచి పర్సులో పెట్టుకున్నాను.

శుక్రవారం అక్క వచ్చీ రాగానే నా గదిలోకి వచ్చి నిలబడింది. అలా ఎప్పుడూ రాదు.

"మేడం, ఒక మాట జెప్త, ఏమనుకోకు. రాత్రంత గదే సోచాయించిన. పాపకు తినుడు అంటే ఏందో తెల్వదు."

"అంటే?"

"మా మనుమరాలు నాలుగు నెలల్నుంచే మేం తింటుంటే నోట్లకు జూస్తుండె. చెయ్యి పెట్టుడు గాదు, పళ్ళెమే గుంజుతుండె. గీ పిల్ల ఎవ్వలు తినంగ జూసింది చెప్పు? గాడ సీసలే. ఈడ సారు పొద్దుగాల పోతడు. నేను వంటింట్ల నిలబడి తింట. నువ్వు..." ఆగింది. "నువ్వు తినంగ నేను గూడ జూడలే."

నేను ఆలోచించాను. పొద్దున కాఫీ. మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ముందు డబ్బాలో పెరుగన్నం, అదీ సగం. సాయంత్రం బిస్కెట్టు. ఆయన వచ్చేసరికి పాప నిద్రపోయి ఉండేది, అప్పుడు తిన్నానంటే తిన్నాను. డైనింగ్ టేబుల్ మీద పాలడబ్బాలు, సీసాల పళ్ళెం, మడతపెట్టని బట్టలు. మా ఇంట్లో పాప ముందు కూర్చుని ఎవరూ ఒక్క ముద్ద తినలేదు. పరీక్ష పెట్టినట్టు పాప ఒక్కదాన్నే ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, మేం చుట్టూ నిలబడి చెంచా చాపాం.

"జర ఆ మీటింగులు బంద్ పెట్టి నువ్వు తిను, పాప ముంగట" అంది అక్క. "పెట్టుడు తర్వాత. ముందుగాల తిను."

ఆ మధ్యాహ్నం ఆమె నేల మీద చాప పరిచింది. పాపను గోడకు ఆనించి, చుట్టూ దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. రెండు కంచాలు తెచ్చింది, ఒకటి నాకు, ఒకటి తనకు. అన్నం, ఉప్పులేని ముద్దపప్పు, కాస్త నెయ్యి. "పాప చెయ్యి పెట్టినా పరవాలేదని ఉప్పెయ్యలే. నీకు కావాల్నంటే మామిడికాయ తొక్కు పక్కకు ఉంది" అంది.

చేత్తో కలుపుకుని తిని ఎంతకాలమైందో. వేళ్ళ మధ్య వేడి అన్నం తగిలితే విచిత్రంగా అనిపించింది, అంతే. ఆకలి లేదు. రుచి తెలియలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాను, మింగాను. పాప మొదట అక్క చేతిని చూసింది. తర్వాత నా చేతిని. చెయ్యి కంచం నుంచి నోటికి, నోటి నుంచి కంచానికి వెళ్తుంటే దాని తల కూడా దానితోపాటే కదిలింది. నేను పది ముద్దలు తిన్నాను. అక్క లెక్కపెట్టి ఇంకో రెండు తినమంది. పాపకు ఏమీ పెట్టలేదు.

శనివారం, ఆదివారం మావారు కూడా చాప మీదికి చేరారు. ఉప్పులేని పప్పు ఆయనకు పెద్ద శిక్ష. "ఇది తింటూ నవ్వుముఖం ఎలా పెట్టాలి?" అని అడిగారు. తొక్కు పెట్టుకుంటే పాప చెయ్యి పెడుతుందేమోనని భయం. నేను మాత్రం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పాప ముందు కూర్చుని తిన్నాను. ఇష్టమై కాదు. మాత్ర వేసుకున్నట్టు, చేయాల్సిన పని కాబట్టి. ఆఫీసులో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా ఎవరూ మీటింగు పెట్టకుండా నా క్యాలెండరులో అడ్డగీత గీసేశాను. మేనేజరు కారణం అడిగితే "భోజనం" అని రాశాను. అన్నేళ్ళలో ఆ మాట రాయడం అదే మొదలు.

ఐదో రోజో ఆరో రోజో, పాప నోరు కదిపింది. ఖాళీ నోరే. నేను నములుతుంటే అది కూడా దవడ ఆడించింది. అక్క నా మోచేతిని గిల్లి, "మాట్లాడకు, తిను" అని గుసగుసలాడింది.

మరో మూడు రోజులకు దిండు మీదుగా ముందుకు వాలి నా కంచంలో చెయ్యి పెట్టింది. అయిదు వేళ్ళూ పప్పన్నంలో దిగబడ్డాయి. భయపడి వెనక్కి లాక్కుంది. వేళ్ళను చూసుకుంది. అన్నీ విడదీసి, మళ్ళీ మూసి, మళ్ళీ విడదీసింది. తర్వాత పిడికిలి మొత్తం నోట్లో పెట్టుకుంది. ముఖం చేదు మింగినట్టు పెట్టింది. ఒళ్ళు ఒకసారి జలదరించింది. నాలుకతో కొంత బయటికి తోసింది. కొంత లోపలికి పోయింది. గొంతు కదలడం నేను చూశాను.

"మింగింది" అన్నాను.

"మింగింది" అంది అక్క. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాకు ఏడుపు రాలేదు. అందరూ ఏడ్చామని రాసే చోట నేను అబద్ధం రాయలేను. కానీ పాప మళ్ళీ చెయ్యి చాచినప్పుడు నేను కంచాన్ని దాని వైపు ఇంకొంచెం జరిపాను. అక్క చెప్పకుండానే జరిపాను.

అక్కడితో అంతా చక్కబడిపోలేదు. తినడం మొదలైన వారానికే మలబద్ధకం పట్టుకుంది. పాలపొడి పాల మీద ఉన్న పిల్లలకు ఇది మామూలేనని డాక్టరు ముందే చెప్పినా, పాప కాళ్ళు మడిచి, ఎర్రబడి, ముక్కుతూ ఏడుస్తుంటే చూడటం కష్టం. తిండితో పాటు చిన్న గ్లాసుతో రెండు మూడు గుక్కల నీళ్ళు పట్టమన్నారు. అరటిపండు మానేసి బొప్పాయి పెట్టాం. అక్క పొట్ట మీద గుండ్రంగా రాస్తూ పాట పాడేది. మూడో రోజు డైపరు నిండితే మావారు నాకు ఆఫీసు మీటింగు మధ్యలో మెసేజు పెట్టారు, ఆయన క్లాసు మధ్యలో అక్క ఆయనకు ఫోను చేసి చెప్పిందట. ముందు ఆయనకు ఎందుకు చెప్పావని అడిగితే, "నువ్వు పక్క రూములనే ఉన్నవు గద, వాసన రాలేదా?" అంది. నాకు నవ్వొచ్చింది. చిన్న నవ్వే. అది నా గొంతులోంచే వచ్చిందా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

చెంచాను మాత్రం చాలాకాలం రానివ్వలేదు. చేత్తో పెడితేనే తినేది. మొదట్లో అక్క చేతి ముద్దే. తర్వాత మావారిది. నా చేతి ముద్ద అన్నిటికంటే ఆలస్యంగా తీసుకుంది. దానికి నేను నొచ్చుకోలేదు. దగ్గలేక కళ్ళు పెద్దవి చేసిన పాపకు ఎదురుగా నిలబడిన మనిషి ముఖం గుర్తుందో లేదో నాకు తెలియదు. గుర్తుంటే, ఆలస్యం చేయడం దాని హక్కు.

పర్సులోని చీటీ రెండు నెలలు అలాగే ఉంది. ఒక సోమవారం ఫోను చేశాను. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను, ఇప్పటికీ. అక్కడ పోయిన మూడింటి గురించి మాట్లాడతాను. కొన్ని వారాలు ఏమీ మాట్లాడకుండా కూర్చుని వస్తాను. ఎడమచేతికి తిమ్మిరి పట్టి వదిలేటప్పుడు ముందు సూదులు గుచ్చినట్టు ఉంటుంది కదా, కొన్నిసార్లు అలా ఉంటుంది. మిగతా రోజుల్లో ఏమీ ఉండదు.

పాపకు పదో నెల నడుస్తుండగా దత్తత తర్వాత పరిశీలనకు సోషల్ వర్కర్ వచ్చింది. పాతికేళ్ళు దాటని అమ్మాయి. ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఒక్కో ప్రశ్నా చదివింది. టీకాలు, బరువు, నిద్ర. మావారు జవాబులు చెప్పారు. తర్వాత నా వైపు తిరిగి, "పాపతో మీ అటాచ్‌మెంట్ ఎలా ఉంది మేడమ్?" అని అడిగింది.

నేను ఏం చెప్పాలో ఆలోచించాను. మావారు నా వైపు చూడకుండా నేలచూపులు చూశారు. "చెప్పలేనండి" అన్నాను.

ఆ అమ్మాయి కలం ఆపింది. ఏం చేయాలో తోచనట్టుంది. "సరే మేడమ్, తిండి ఎలా తింటోంది?" అంది.

"ఇడ్లీ తింటుంది, కానీ అంచులు తినదు, మధ్యలో మెత్తగా ఉన్నదే" అన్నాను. "గుమ్మడికాయ వేడిగా ఉంటే ముట్టదు, చల్లారాక తింటుంది. బీట్‌రూట్ అంటే ఇష్టం, కానీ ముందు చేతులకు పూసుకుని చూసుకుని ఆ తర్వాతే. గుడ్డు పచ్చసొన అన్నంలో కలిపితే తెలుసుకుని ఉమ్మేస్తుంది, విడిగా పెడితే తింటుంది. పప్పు మరీ మెత్తగా మెదపకూడదు ఇప్పుడు, పలుకులు తగలాలి. పై పన్ను ఒకటి వస్తోంది, అందుకని క్యారెట్టు ఉడికించి పొడుగ్గా కోసిస్తే చిగుళ్ళతో కొరుకుతుంది. పాలు పొద్దున, పడుకునే ముందు తాగుతుంది, మధ్యాహ్నం సీసా తనే మానేసింది. ముద్ద పెద్దదైతే మనవైపు తిరిగి నోరు తెరిచి చూపిస్తుంది, తీసేయమని. ఎవరైనా తన ముందు ఏదైనా తింటూ ఆగిపోతే ఒప్పుకోదు, మ్ మ్ అంటుంది. నేను ఫోను వచ్చి లేస్తే నా కంచం చూపిస్తుంది..."

ఎంతసేపు చెప్పానో తెలియదు. ఆ అమ్మాయి మొదట రాసుకుంది, తర్వాత రాయడం మానేసి వింది. వంటింటి గుమ్మంలో అక్క చేతిలో గరిటెతో నిలబడి ఉంది. నేను ఆగాక, ఆ అమ్మాయి ఫైలులో వెనక్కి ఒక పేజీ తిప్పి, ఇందాక ఖాళీగా వదిలిన చోట ఏదో రెండు వాక్యాలు రాసింది. ఏం రాసిందో నేను అడగలేదు.

ఆమె వెళ్ళేసరికి పన్నెండున్నర అయింది. అక్క చాప పరిచింది.